పడమటి గోడ

ఆ పొద్దున ఆకాశం తేటపడింది. తుపాను తెచ్చిన ముసురు తెల్లవారుజామున విరిగి, దాని అంచు మాత్రం పడమట నల్లమల మీద గొంగళి మడిచి పెట్టినట్టు మిగిలింది. తూర్పున మిరప చేల మీద మంచు మోకాలెత్తున పరుచుకుని ఉంది. అందులోంచి సూర్యుడు తొందర లేకుండా పైకొస్తున్నాడు. గుట్ట కింద రోడ్డు మీద కారంపూడి బస్సు ఇంకా లైట్లు ఆర్పలేదు.

మబ్బు ఎప్పుడు పోతుందా అని ముసురు పట్టినన్నాళ్ళూ పైకి చూసిన హరితకు, తీరా అది పోయిన పొద్దున గుండెల్లో రాయి పడింది. ఆకాశం బాగుంటే యూనివర్సిటీ వాళ్ళు వస్తారు. వస్తే గుమ్మటం తిప్పి చూపించాలి.

ఆ గుమ్మటం సంగతి ఇప్పటికి గుట్ట కింద టీ కొట్టు దాకా పాకింది. బడిపిల్లలకు చుక్కలు చూపించాలని కమిటీ వాళ్ళు గుట్ట మీద గుండ్రటి ఇల్లు కట్టించారు. నాపరాయితో గోడ కట్టింది హరిత తండ్రి పిచ్చియ్య మేస్త్రి. గోడ నెత్తిన ఇనప పట్టా పరిచి, దాని మీద చక్రాలతో తిరిగే రేకుల గుమ్మటం నిలబెట్టింది గురజాలలో వెల్డింగు షాపు నడిపే ఆనంద్ బాబు. దానికి మోటారు బిగించి, కంప్యూటరు చెప్పిన దిక్కుకు తిరిగి ఆగేలా చెయ్యడం హరిత పని. గుంటూరులో ఇంజనీరింగు చదివొచ్చిన పిల్ల, మన మేస్త్రి కూతురే గదా అని కమిటీ ప్రెసిడెంటు గోపాలకృష్ణ గారు ముచ్చటపడి అప్పగించారు. ఆయన నరసరావుపేటలో పత్తి వ్యాపారి. ఆయన ముచ్చట పడితే పని అవుతుంది, మొహం చిట్లిస్తే పని పోతుంది.

గుమ్మటానికి ఒక పక్క పైనుంచి కింది దాకా చీలిక ఉంది. లోపలి టెలిస్కోపు ఎటు చూస్తే చీలిక అటు రావాలి. రాకపోతే దానికి రేకు తప్ప చుక్క కనబడదు. ఇప్పుడున్న చిన్న టెలిస్కోపుకు నాలుగు వేళ్ళ తేడా లెక్కలోది కాదు. యూనివర్సిటీ వాళ్ళు తెచ్చి పెడతామన్నది పెద్దది, దాని మూతి చీలిక నిండా ఉంటుంది. గుమ్మటం చెప్పిన చోట ఆగితే అది పల్నాడుకు వస్తుంది. ఆగకపోతే ఇంకో జిల్లాకు పోతుంది.

గుమ్మటం ఆగలేదు. ఒకసారి వెనకబడేది, ఒకసారి ముందుకు పోయేది. హరిత మోటారు చక్రానికి రబ్బరు మార్చింది. చక్రాన్ని పట్టాకు ఒత్తిపెట్టే స్ప్రింగు బిగించింది. వేగం తగ్గించింది. ఏం చేసినా ఆ నాలుగు వేళ్ళు పోలేదు. ఓపిక అయిపోయిన మనిషికి తప్పు ఎవరో ఒకరిదిగా కనబడాలి. పోయిన వారం కమిటీ అంతా చూస్తుండగా ఆనంద్ బాబు మొహం మీదే అనేసింది.

"పట్టా వంకరగా వేశారు బాబాయ్. దాని మీద నా చక్రం జారుతోంది. కొలత చేతకాకపోతే చేతకాదని మొదట్లోనే చెప్పాల్సింది."

ఆనంద్ బాబు పిచ్చియ్య వైపు ఒక్కసారి చూసి, భుజం మీది తువ్వాలు దులుపుకుని గుట్ట దిగిపోయాడు. ఆయనకే రావాల్సిన చీలిక తలుపు పని ప్రెసిడెంటు గారు అక్కడికక్కడే గుంటూరు వాళ్ళకు ఇచ్చేశారు.

ఈ పొద్దున హరిత అద్దం ముందు కూడా నిలబడకుండా గుట్టకు బయల్దేరింది. రమ్మని పిలవకపోయినా పిచ్చియ్య మోపెడ్ తీశాడు. పైకొచ్చాక గోడకు వీపు ఆనించి కూర్చుని బీడీ ముట్టించాడు. మాట తక్కువ మనిషి. అయినా ఈ మధ్య ఆయన మౌనం వేరేగా ఉంటోందని హరితకు అనిపించింది గానీ, ఆగి అడిగే తీరిక లేకపోయింది.

గుమ్మటం తిప్పింది. ఈసారి లెక్కలు చూడలేదు. సుద్దముక్క పట్టుకుని, చీలిక ఎక్కడ ఆగాలో గోడ మీద ఒక గీత, ఎక్కడ ఆగిందో అక్కడ ఒక గీత పెడుతూ గోడ వెంట నడిచింది. తూర్పున రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ఉత్తరం దాటేసరికి రెండో గీత వెనకబడింది. వాయవ్యం దగ్గర తేడా నిండా నాలుగు వేళ్ళు. సరిగ్గా పడమటికి వచ్చేసరికి మళ్ళీ కలిశాయి. నైరుతి దగ్గర రెండో గీత నాలుగు వేళ్ళు ముందుకు పోయింది. దక్షిణం దాటి తూర్పుకు తిరిగొచ్చేసరికి ఏమీ జరగనట్టు కలిసిపోయాయి.

ఎదురు తిప్పింది. అవే చోట్లు, అదే తేడా. అప్పజెప్పిన పాఠంలా ఉంది.

సుద్దముక్క చేతిలో అట్లాగే ఉండిపోయింది. జారిన చక్రం పోగొట్టుకున్న దూరాన్ని తిరిగి ఇవ్వదు. జారేదే అయితే తప్పు చుట్టు చుట్టుకూ పెరగాలి. ఇది పెరగడం లేదు. పోయినంతా తిరిగొస్తోంది. అంటే చక్రం జారలేదు. ఒక్కసారి కూడా జారలేదు.

ఆనంద్ బాబును అన్న మాటలు తన గొంతుతోనే చెవిలో పడ్డాయి. కొలత చేతకాకపోతే.

చక్రం తప్పు కానప్పుడు అది నడిచే దారి తప్పు. పట్టా గోడను పట్టుకుని ఉంది. మోటారు కొలిచింది, రబ్బరు కొలిచింది, స్ప్రింగు కొలిచింది. గోడ కొలవలేదు. గోడ నాన్నది. అన్నం తినే ముందు అమ్మ వండింది సరిగ్గా ఉడికిందా అని ఎవరు చూస్తారు?

"నాన్నా, ఈ టేపు కొస పట్టుకో."

పిచ్చియ్య బీడీ ఆర్పి చెవి మీద పెట్టుకున్నాడు.

"ఎందుకు?"

"గోడ కొలుద్దాం."

ఆయన లేచిన తీరు చూస్తే మోకాళ్ళ నొప్పి ఇవాళే వచ్చిందేమో అనిపిస్తుంది. నడి మధ్యన టెలిస్కోపు నిలబెట్టే సిమెంటు స్తంభం ఉంది. హరిత అక్కడ నిలబడి టేపు చూస్తోంది, పిచ్చియ్య కొస పట్టుకుని గోడ దగ్గర నిలబడుతున్నాడు. తూర్పు సరిపోయింది. ఈశాన్యం, ఆగ్నేయం సరిపోయాయి. ఉత్తరం, దక్షిణం వెంట్రుక తేడా లేదు. ఆయన పడమటి గోడ దగ్గరికి నడిచి ఆగాడు. టేపు కొస ఇంకా గోడకు ఆనించలేదు.

"అక్కడ తగ్గుద్దిలే అమ్మాయ్" అన్నాడు.

హరిత టేపు వదిలేసింది. అది బుస కొట్టుకుంటూ పోయి డబ్బాలో దూరింది.

"నీకు తెలుసా?"

"కట్టినోడికి తెలవదా."

"తెలిసి ఎట్టా కట్టావు? నీ చేత్తో? నడిమి మేకు పాతి తాడు కట్టి ముగ్గు పోస్తే, చిన్నపిల్లాడికి కూడా గుండ్రం తప్పదు గదా!"

"ముగ్గు సరిగ్గానే పోశా. పునాది తవ్వేటప్పుడు వచ్చింది తంటా." పిచ్చియ్య గోడకేసి చూస్తూనే మాట్లాడాడు, కూతురి వైపు తిరగలేదు. "పడమటి కొసన గడ్డపార దింపితే టంగుమంది. నాపరాయి మోత కాదది. కూలోళ్ళను అన్నానికి పొమ్మని నేనొక్కణ్ణే మట్టి తీశా. వీర్ల రాయి. కత్తి ఎత్తి పట్టుకున్న మనిషి, పక్కన గుర్రం. మొహం అరిగిపోయింది గానీ కత్తి పట్టు మాత్రం నిన్న చెక్కినట్టుంది. గోడ బయటి అంచు సరిగ్గా దాని మీదకొస్తది."

"అయితే?"

"అయితే ఏందే? కారంపూడి తిరునాళ్ళలో వీర్లకు చేతులెత్తి మొక్కినోణ్ణి, అట్టాంటోడి గుండెల మీద పునాది వెయ్యనా? ఎవరో ఏందో, కొట్లాటలో పడిపోయిన చోటది. మేకు నాలుగు వేళ్ళు తూర్పుకి జరిపి, పడమటి సగానికి మళ్ళీ ముగ్గు పోశా. రాయి గోడకు బయట పడింది. మట్టి కప్పి పైన తంగేడు నాటా. సున్నం చేసినాక తేడా కంటికి ఆనలా. కలిసిపోద్దిలే అనుకున్నా."

"ఎవరికైనా చెప్పొచ్చు గదా నాన్నా. ప్రెసిడెంటు గారికైనా."

"చెబితే పాత శిల్పాలు చూసుకునే గవర్నమెంటోళ్ళొస్తారు. తాడు కట్టి ఇక్కడ గడ్డపార పెట్టొద్దంటారు. కట్టడం ఆగిపోద్ది." గొంతు సవరించుకున్నాడు. "అప్పుడే నీ చదువు అయిపోయింది. ఈ పని నీకే ఇస్తానని ప్రెసిడెంటు అన్నాడు. పని లేకుండా పోతే నీ పనీ ఉండదు గదా."

వీరుడికి మర్యాద ఒక సగం. ఇంకో సగం తను. ఆ సగం కోసమే ఇంత జరిగింది. తిట్టడానికి ఎత్తిన నోరు తిట్టకుండానే మూతపడింది. ఒక్కటే అడిగింది.

"ఆనంద్ బాబాయ్‌కి తెలుసా?"

పిచ్చియ్య చెవి మీది బీడీ తీసి, చూసి, మళ్ళీ అక్కడే పెట్టుకున్నాడు.

"నాన్నా."

"పట్టా పరిచిన రోజే కనిపెట్టాడు. 'అన్నా, ఇక్కడ గోడ నొక్కుకుపోయింది, పడగొట్టి కడతావా' అన్నాడు. రాయి దగ్గరికి తీసకపోయి చూపించా. కాసేపు నిలబడి, 'సరేలే అన్నా, ఎవరితో అననులే' అన్నాడు. పట్టాను మళ్ళీ కొలిమిలో పెట్టి గోడకు సరిపడా వంచాడు."

"వంకర పట్టా అన్నాను నేను. అందరి ముందర అన్నాను. నువ్వు పక్కనే ఉన్నావు."

"ఉన్నా."

"నోరెందుకు తెరవలేదు?"

పిచ్చియ్య ఇప్పుడు తిరిగి చూశాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"నువ్వెందుకు కొలవలేదు?"

అన్నాక ఆ మాట వెనక్కి తీసుకోవాలన్నట్టు చెయ్యి ఎత్తి, ఏం చెయ్యాలో తెలియక దించేశాడు. నాన్న గోడ కాబట్టి కొలవలేదు. ఆనంద్ బాబు పట్టాను కూడా కొలవలేదు. దాన్ని మాత్రం వంకర అంది.

పోయి కంప్యూటరు ముందు కూర్చుంది. ఏదో ఒక పని చెయ్యకపోతే ఏడుపు వచ్చేలా ఉంది. గోడ మీద సుద్ద గీతలు ఉండనే ఉన్నాయి. ఏ దిక్కున ఎంత వెనకబడుతుందో, ఎంత ముందుకు పోతుందో వరసగా దానికి నేర్పింది. వాయవ్యం వస్తే నాలుగు వేళ్ళు ఎక్కువ నడు, నైరుతి వస్తే నాలుగు వేళ్ళు ముందే ఆగు. నడిపేవాడికి దారిలో గుంత ఎక్కడుందో తెలిస్తే బండి పడదు గదా. ఇదీ అంతే.

గుమ్మటం తిప్పింది. వాయవ్యం దగ్గర చీలిక వచ్చి మొదటి గీత మీద కూర్చుంది. నైరుతి దగ్గర కూడా కూర్చుంది. మళ్ళీ తిప్పింది, అడ్డదిడ్డంగా తిప్పింది, చుట్టంతా ఎక్కడ ఆగమంటే అక్కడ ఆగింది. ఇన్నాళ్ళూ ఆమె కలలోకి వచ్చిన ఆగడం అది. ఆగినప్పుడల్లా రేకులు చిన్నగా ఒక్క నిట్టూర్పు విడిచేవి. ఆ చప్పుడు వింటుంటే సంతోషం రాలేదు. పక్కింటి కోడిని కోసి వండుకున్నట్టుంది.

"సరిపోయిందా?" అన్నాడు పిచ్చియ్య.

"సరిపోయింది."

"అయితే ఇంక గొడవ లేదుగా."

"ఎవరికి లేదు?"

ఆయన తల దించుకున్నాడు. గోడ సంగతి ఇప్పుడు ఎవరికీ తెలియనక్కర్లేదు. గుమ్మటం బాగుపడింది. అమ్మాయి బుర్ర గొప్పదంటారు. పట్టా వేసినవాడు చెడగొడితే మేస్త్రి కూతురు బాగుచేసిందంటారు. అదే ఊరంతా చెప్పుకుంటుంది, చుట్టుపక్కల ఊళ్ళూ చెప్పుకుంటాయి.

"బండి తియ్యి నాన్నా. గురజాల పోదాం" అంది హరిత.

*

ఆనంద్ బాబు షాపు గురజాలకు ఇవతలే రోడ్డు పక్కన ఉంటుంది. ముందు రేకుల పంచ, వెనక ఇల్లు. ఎప్పుడు చూసినా పంచ ముందు రెండు మూడు ట్రాలీలు నిలబడి ఉండేవి. ఈ పొద్దు ఒక్కటే ఉంది. దాని వెనక తలుపుకు గొళ్ళెం అతుకుతున్నాడు. ట్రాక్టరు మీద కూర్చున్న రైతు కాళ్ళూపుకుంటూ మాట్లాడుతున్నాడు.

"ఒరేయ్ ఆనందూ, గొళ్ళెం సరిగ్గా పెట్టు. తలుపు తెరిస్తే వెనక్కి తెరుచుకోవాల. చుక్కల వంక తెరుచుకుంటే నా ఒడ్లన్నీ పైకి పోతయ్."

"నీ ఒడ్లు పైకి పోయినా కిందకే పడతయ్‌లే, భయపడమాక" అన్నాడు ఆనంద్ బాబు తల ఎత్తకుండా.

"ఏమో, నువ్వు చేసింది గుండ్రంగా తిరుగుద్దంట గదా, చెప్పిన చోట ఆగదంట!"

రైతు పగలబడి నవ్వాడు. అందులో కోపం లేదు, పగ లేదు. తమాషా అంతే. హరిత మోపెడ్ దిగి రోడ్డు మార్జిన్‌లోనే నిలబడిపోయింది. ఒక మాట విసిరేసి ఆమె మర్చిపోయింది. అది ఇక్కడిదాకా నడిచొచ్చి, ఈ పంచలో కూర్చుని, వచ్చినవాడికల్లా నవ్వు పంచుతోంది.

ట్రాక్టరు పోయాక ఆనంద్ బాబు కళ్ళద్దాలు తీసి వాళ్ళను చూశాడు.

"రా అమ్మా. నువ్వు గూడానా అన్నా? రండి, ఎండలో నిలబడ్డారే."

వెనక గుమ్మంలోంచి ఆయన భార్య దయామణి వచ్చింది. చేతిలో గరిటె ఉంది.

"ఏమ్మా ఇంజనీరమ్మా, గుట్ట మీద తిట్టింది చాల్లేదా? మిగిలినయ్యేమైనా ఉంటే ఇంటికి తెచ్చావా?"

"దయా, ఊరుకో."

"ఎందుకూరుకోవాల? చర్చి సంఘంలో ఆడోళ్ళు నన్నడుగుతున్నారు, మీ ఆయనకు కొలత రాదంట గదా అని. నా పెళ్ళినాటికే గుంటూరు దాకా గేట్లు చేసిన మనిషి. నాకు నవ్వాలో ఏడవాలో తెలవక మందిర్లో వెనక వరసలో కూర్చుంటున్నా."

హరిత రెండు చేతులూ జోడించబోయి, ఆ జోడించడం నాటకంలా ఉంటుందేమోనని మధ్యలోనే వదిలేసింది.

"తప్పైంది పిన్నీ. బాబాయ్, నాది తప్పైంది. మీ పట్టా వంకర కాదు. గోడ కొలిచాను."

ఆనంద్ బాబు ఆమెను చూడలేదు. పిచ్చియ్యను చూశాడు.

"చెప్పావా అన్నా?"

"నేను చెప్పలా. అదే కనిపెట్టింది. ఆ తర్వాత చెప్పా."

దయామణి గరిటె దించింది. "ఏంది చెప్పేది? ఏం గోడ?"

ఇద్దరు మగవాళ్ళూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. హరితకు అప్పుడు అర్థమైంది. ఈమెకు తెలియదు. ఇన్ని రోజులూ బజార్లో నవ్వుతున్నా, మందిరంలో తల దించుకున్నా, ఆయన పెళ్ళానికి కూడా చెప్పలేదు. ఇంక ఆ మాట తనే చెప్పింది. రాయి గురించి, జరిపిన మేకు గురించి, గోడను చూసి వంచిన పట్టా గురించి. చెప్పేటప్పుడు తన గొంతు తనకే పరాయిగా వినిపించింది.

దయామణి అంతా విన్నది. విని మొగుడి దగ్గరికి పోయి నిలబడింది.

"ఇంట్లో దాన్ని గదయ్యా. నాకన్నా చెప్పలేకపోయావా?"

"అననని మాటిచ్చా."

"నీ మాటకు నా బతుకు నగుబాటు చేశావా?" అని పిచ్చియ్య వైపు తిరిగింది. "నువ్వు పెద్దమేస్త్రివి. వయసు తెచ్చుకున్నావు. నీ కూతురు నా మొగుణ్ణి నిలబెట్టి కడుగుతుంటే చెట్టులాగా నిలబడ్డావంట. రాతి మీద బొమ్మకిచ్చిన మర్యాద రక్తం ఉన్న మనిషికియ్యలేకపోయావే!"

పిచ్చియ్య నిలబడ్డవాడు నిలబడ్డట్టే పంచ గుంజకు ఆనుకున్నాడు. ఆయన కట్టిన ఇళ్ళు ఆ చుట్టుపక్కల ఎన్నో ఉన్నాయి. ఏ ఇంటి ముందూ ఆయన అంత చిన్నగా నిలబడటం హరిత చూడలేదు.

ఫోను మోగింది. గోపాలకృష్ణ గారు. పత్తి వేలం పాటల్లో అరిచి అరిచి పెరిగిన గొంతు ఆయనది, ఫోను చెవికి పెట్టుకున్నా పక్కవాళ్ళందరికీ వినబడుతుంది.

"అమ్మాయ్, మబ్బు పోయింది చూశావా! వాళ్ళు రేపటిదాకా ఆగట్లా, సాయంత్రానికే వస్తున్నారు. డోము ఎట్టుంది?"

"చెప్పిన చోటే ఆగుతోంది సార్."

"శభాష్! మేస్త్రి బిడ్డ అంటే అదీ! ఇదిగో, ఇన్నాళ్ళ ఆలస్యం ఎందుకైందని వాళ్ళు అడక్కమానరు. కమిటీకి చెడ్డపేరు రాకూడదు. పట్టా వేసినోడికి పనితనం లేకే అని నువ్వే చెప్పాల, ఇంజనీరు నోటి మాటకు విలువ. ఇంక వాణ్ణి ఈ చుట్టుపక్కల ఎవరూ పిలవకుండా నేను చూసుకుంటా. సరేనా?"

దయామణి హరిత మొహం వైపే చూస్తోంది, రెప్ప వెయ్యడం లేదు.

"అమ్మాయ్? సరేనా?"

"సార్, పట్టా..." అని హరిత మొదలుపెట్టింది. ఆనంద్ బాబు చటుక్కున చెయ్యెత్తి వద్దన్నాడు. ఆమె ఒక్క క్షణం తడబడింది. "సాయంత్రం మాట్లాడతాను సార్" అని ఫోను పెట్టేసింది. పెట్టేశాక తెలిసింది, మళ్ళీ నోరు మూసుకుందని.

"ఎందుకు ఆపారు బాబాయ్?"

"ఏమని చెబుతావమ్మా? గోడ తప్పంటావు. ఎందుకు తప్పిందంటారు. రాయి మాట వస్తది. రాయి మాట వచ్చినరోజే ఆ గుట్టకు తాళం పడుద్ది. పెద్ద టెలిస్కోపు సంగతి దేవుడెరుగు, ఉన్న చిన్నది గూడా పోద్ది. మనం ముగ్గురం ఇంత పడింది దేనికి?"

"అయితే మిమ్మల్ని చేతకానివాణ్ణి చెయ్యాలా? మళ్ళీ? ఈసారి యూనివర్సిటీ వాళ్ళ ముందర?"

పిచ్చియ్య గుంజ వదిలి నిటారుగా నిలబడ్డాడు.

"నా పేరు చెప్పు. గోడ నేనే తప్పు కట్టానని చెప్పు. తాగి మేకు పాతాడని చెప్పు, రాయి మాట రాదు."

"నీకు తాగుడా!" అంది దయామణి. "కల్లు వాసనకే ఆమడ దూరం పోతావు. ఎవడు నమ్ముతాడు?"

"పేరు పోయేటప్పుడు ఎవరైనా నమ్ముతారు దయామణీ. నీ మొగుడి సంగతి నమ్మలా?"

హరిత తండ్రిని చూసింది. కూతురి పని కోసం ఒక అబద్ధం కట్టాడు. దాన్ని కప్పడానికి ఇప్పుడు ఇంకో అబద్ధం తన నెత్తిన పెట్టుకుంటానంటున్నాడు. చెప్పాల్సింది మాత్రం ఆమె నోటితో. నిజం చెబితే గుట్ట పోతుంది. చెప్పకపోతే ఆనంద్ బాబు పోతాడు. సగం చెబితే నాన్న పోతాడు. చుట్టూ ఎటు తిరిగినా ఎవరో ఒకరు పోతున్నారు.

"ఇంక చాల్లే" అంది దయామణి. గొంతు తగ్గింది గానీ కరుకు పోలేదు. "పొయ్యి మీద కూర మాడుతోంది. లోపలికి రండి. ముందు తినండి. తిన్నాక ఎవరి పేరు పోవాల్నో మీరే తేల్చుకోండి."

పిచ్చియ్య గడప దగ్గర ఆగాడు. ఆయనా ఆనంద్ బాబూ కలిసి చేసిన పనులు లెక్క లేనన్ని. ఒకరి బీడీ ఒకరు ముట్టించుకున్నవాళ్ళే. అన్నం వేళకు మాత్రం ఎవరి క్యారేజీ వాళ్ళది, ఎవరి నీడ వాళ్ళది. పొమ్మన్నవాళ్ళు లేరు, రమ్మన్నవాళ్ళూ లేరు. అట్లా జరిగిపోయింది. ఈ గడప లోపల ఆయన మంచినీళ్ళు కూడా ముట్టలేదు. ఈ సంగతి ఇంట్లో ఎవరూ ఎప్పుడూ అనుకోలేదు. ఇప్పుడు మాత్రం అక్కడున్న నలుగురికీ ఒక్కసారే గుర్తొచ్చింది.

ఆనంద్ బాబు పక్కకు తప్పుకుని దారిచ్చాడు. రమ్మని అనలేదు. పిచ్చియ్య చెప్పులు విడిచి, తల వంచుకుని లోపలికి పోయి, చాప కొసన కూర్చున్నాడు. హరిత ఆయన పక్కన కూర్చుంది.

దయామణి నలుగురికీ కంచాలు పెట్టింది. వేడి అన్నం, వంకాయ ఎండురొయ్యల కూర, ఊరమిరపకాయలు. వడ్డించి తనూ వాళ్ళకు ఎదురుగా కూర్చుంది. పిచ్చియ్య అన్నంలో చెయ్యి పెట్టి కాసేపు అట్లాగే ఉంచాడు. తర్వాత కలిపి మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. ఆనంద్ బాబు అది చూసి, అప్పుడు తను కలుపుకున్నాడు.

కారం ఎక్కువై హరిత కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కారం వల్లే అనుకోవడానికి వీలుగా ఉంది. దయామణి నీళ్ళ గ్లాసు ఆమె వైపు జరిపింది. మొహం చూడకుండానే జరిపింది. పిచ్చియ్య కంచం ఖాళీ అయింది. దయామణి మళ్ళీ అన్నం పెట్టింది. చాలని ఆయన చెయ్యి అడ్డం పెట్టలేదు. నలుగురూ తల ఎత్తకుండా తిన్నారు.